ఫాంటేన్‌బ్లో అడవిలో ఫ్రాంషార్ లోయల నడక: మొదటిసారి ఎలా వెళ్లాలి?

పారిస్‌లో ఉంటున్నవాళ్లు, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఒక్కరోజులో హాయిగా చేసి రాగల అడవి నడక ఇది. నగరానికి దక్షిణాన ఉన్న ఫాంటేన్‌బ్లో అడవిలో, ఇసుకరాతి బండల మధ్య సాగుతుంది. తాళ్లు లేకుండా బండలెక్కే బౌల్డరింగ్‌కు ప్రపంచంలోనే పేరున్న చోటు. నడవడానికి మాత్రం ఆ విద్య ఏమీ అక్కర్లేదు. ఒక్క మాట ముందే చెబుతాను: గండికోటలో పెన్నా కోసినంత లోయను ఊహించుకుని వెళ్లకండి. ఇవి గుట్టల వరుసల మధ్య చిన్న పల్లాలు. తొందరపడకుండా, బండలను దగ్గరగా చూస్తూ నడిస్తేనే ఈ దారి బాగుంటుంది.

1. రోజు ఎంచుకోండి

ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలు అనువైనవి. ఆగస్టు చివర్లో హీథర్ పొదలు ఊదారంగులో పూస్తాయి, ఎండను తట్టుకోగలిగితే అప్పుడూ వెళ్లొచ్చు. వాన పడిన రోజు, ఆ మర్నాడు వద్దు. చలికాలంలో నాలుగున్నరకల్లా అడవి బయటికి వచ్చేయాలి, చీకటి త్వరగా పడుతుంది. వేట జరుగుతోందని బోర్డు కనిపిస్తే ఆ వైపు అడుగు పెట్టకండి.

2. చేరుకోండి

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌లో ఆర్ లైన్ రైలు ఎక్కితే సుమారు 40 నిమిషాల్లో ఫాంటేన్‌బ్లో-ఆవోన్ వస్తుంది. ఈ లైన్లో ఒక శాఖ ఆ ఊరికి వెళ్లదు, కాబట్టి ఎక్కేముందు బోర్డు చూసుకోండి. పారిస్ ప్రాంత రైళ్లకు, బస్సులకు వాడే నావిగో పాస్ అన్ని జోన్లదైతే చెల్లుతుంది. నడక మొదలయ్యే ఫ్రాంషార్ ఈ స్టేషన్‌ నుంచి దూరమే. సైకిల్ గానీ టాక్సీ గానీ మేలు, నడిచే ఓపిక ఉంటే అదీ అడవి దారే. తాగునీరు మనిషికి లీటరున్నర ఇంటి నుంచే తీసుకెళ్లండి. మ్యాప్ కూడా ఫోన్లో ముందే దింపుకోండి, లోపల సిగ్నల్‌ను నమ్ముకోలేం.

3. గుర్తులు చదవడం నేర్చుకోండి

కొత్తవాళ్లు దారి తప్పేది ఇక్కడే. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన క్లోద్ ఫ్రాంస్వా దెనెకూర్ 1842 నుంచి సొంత డబ్బు పెట్టి ఈ అడవిలో నడక దారులు వేయించాడు. చెట్ల మీద, బండల మీద కనిపించే అడ్డ నీలం గీతలు ఆ దారులవే. చూడదగ్గ చోట నీలం అక్షరం గానీ నక్షత్రం గానీ ఉంటుంది, అక్కడ ఆగండి. బండలెక్కేవాళ్లకు వేరే గుర్తులున్నాయి: బండ అడుగున చిన్న బాణం, పక్కన అంకె. పసుపు తేలిక, తర్వాత నారింజ, నీలం, ఎరుపు, నలుపు. వాళ్ల నీలం బాణాన్ని దారి అనుకుని వెళితే నేరుగా ఓ నిలువు బండ ముందు తేలతారు! గీత కనిపిస్తేనే ముందుకు కదలండి. కాసేపు కనిపించకపోతే చివరి గీత దాకా వెనక్కి వచ్చేయండి.

4. నడవండి

పాత ఆశ్రమ శిథిలాల దగ్గర మొదలుపెట్టి లోయలోకి దిగండి. రెండు మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. దారిలో ఇసుక బీచ్‌లో ఉన్నట్టు తెల్లగా, మెత్తగా ఉంటుంది. మూడు కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది మరి. ఆ ఇసుకే కొంత గట్టిపడి బండగా మారింది. కింద మిగిలిన వదులు ఇసుక కొట్టుకుపోయేసరికి బండలు విరిగి ఇలా పేరుకుపోయాయి. మెట్లలా ఉన్న చోట్ల చేతులు ఆనించాల్సి వస్తుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కర్ర తెచ్చుకోవాలి.

5. బండ ఎక్కాలనిపిస్తే

పసుపు బాణాలున్న చిన్న బండలతో మొదలుపెట్టండి. బండ తడిగా ఉంటే మాత్రం ముట్టుకోకండి, దయచేసి. ఇసుకరాయికి పైపొరే గట్టిది, లోపలంతా మెత్తన. తడిసిన రాయి మీద బరువేస్తే పట్టు ఊడి చేతికొస్తుంది, ఆ గాయం మళ్లీ పూడదు. అక్కడివాళ్లను గమనించండి: బండకు కాలు ఆనించే ముందు బూటు అడుగును గుడ్డతో తుడుచుకుంటారు. లేకపోతే అంటుకున్న ఇసుకే గరుకు కాగితంలా రాతిని అరగదీస్తుంది. మీరూ అలాగే చేయండి.

6. బయటికి వచ్చాక

అడవిలో నిప్పు రాజేయడం నిషేధం, టీ కోసమైనా సరే. ఇంటికి చేరగానే మోకాలి వెనక, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనక కూడా పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టి ఉంటే నూనె రాయకుండా, సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయండి. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ ఎర్రగా వలయం పెరుగుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.