అమెరికాలో తీసిన వీడియోను భారతీయ టీవీ కార్యక్రమంలో కలపడం ఎలా?

భారతదేశంలో టీవీ సెకనుకు 25 ఫ్రేములతో (విడి బొమ్మలతో) నడుస్తుంది, అమెరికాలో 29.97తో. డల్లాస్‌లో జరిగిన కూచిపూడి ప్రదర్శనను హైదరాబాద్ ఛానెల్‌కు పంపేటప్పుడు చిక్కంతా ఇక్కడే. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, అక్కడిది 60. తొలినాళ్లలో ఫ్రేముల వేగాన్ని అందులో సగంగా పెట్టుకున్నారు. 1953లో అమెరికా రంగుల టీవీ ప్రమాణాన్ని ఆమోదించినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతంతో కలిసి తెరపై చుక్కలు తెప్పించకుండా ఆ వేగాన్ని దాదాపు వెయ్యో వంతు తగ్గించారు. అలా 30 కాస్తా 29.97 అయింది.

1. షూటింగ్‌కు ముందే ఛానెల్‌ను అడగండి. 25 కావాలంటే కెమెరాను 25కో 50కో మార్చండి. నృత్యానికి 50 మేలు. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో రికార్డ్ వీడియో తెరిచి ‘షో పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేయాలి.

2. షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగును తీసుకునే సమయాన్ని) మాత్రం అక్కడి కరెంటుకు తగ్గట్టే పెట్టండి. అమెరికాలో మామూలు దీపాల వెలుగు సెకనుకు 120 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. అందుకే 25 ఫ్రేములతో తీస్తున్నా షట్టర్ 1/60 సెకను ఉండాలి. 1/50 పెడితే బొమ్మ మినుకుమినుకుమంటుంది. భారతదేశంలో తీసేటప్పుడు 1/50 సరైనది. వేదిక వెనుక ఎల్‌ఈడీ తెర ఉంటే కొద్దిగా తీసి చూసుకోండి.

3. ఇప్పటికే 29.97లో తీసేశారా? ఫోన్లలో ఫ్రేముల వేగం మధ్యమధ్యలో మారుతూ ఉంటుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని 29.97 దగ్గరే స్థిరపరచండి. తర్వాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 25 ఫ్రేముల ప్రాజెక్టు తెరిచి, ఆపైనే క్లిప్పులు తెచ్చుకోండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ వరుస తప్పితే ఆ ప్రాజెక్టు ఫ్రేముల వేగం మార్చడం కుదరదు. ‘ఈ క్లిప్పును 25గా చదువు’ అని మాత్రం చెప్పకండి. పది నిమిషాల నాట్యం దాదాపు 12 నిమిషాలకు సాగి, అడుగులు తాళం తప్పుతాయి.

29.97 నుంచి 25కు దిగాలంటే సెకనుకు దాదాపు 5 ఫ్రేములు తగ్గాలి. వాటిని ఊరికే వదిలేస్తే, కెమెరా పక్కకు తిరిగే చోట బొమ్మ కుదుపుతో కదులుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని ‘ఆప్టికల్ ఫ్లో’ అనే ఎంపిక కదలికను అంచనా వేసి కొత్త ఫ్రేములు పుట్టిస్తుంది. ముఖాముఖిలకు అది చక్కగా పనిచేస్తుంది. హస్తముద్రల మీద నేను దాన్ని నమ్మను, వేళ్లు ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. నాట్యానికి కుదుపునైనా ఒప్పుకుంటాను గానీ ముద్ర చెడిపోవడాన్ని ఒప్పుకోను.

4. 29.97లో ఉన్న క్లిప్పుల నిడివి లెక్కకు డ్రాప్‌ఫ్రేమ్ టైమ్‌కోడ్ వాడండి. టైమ్‌కోడ్ అంటే ఒక్కో ఫ్రేముకు గంట, నిమిషం, సెకను, ఫ్రేము వరుసలో ఇచ్చే అంకె. ఇందులో నిమిషానికి రెండు అంకెలు దాటవేస్తారు, ప్రతి పదో నిమిషంలో తప్ప. పోయేవి అంకెలే, బొమ్మలు కావు. మామూలు టైమ్‌కోడ్‌తో కొలిస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది.

5. ధ్వనిని విడిగా రికార్డు చేస్తే ప్రదర్శనకు ముందొకసారి, ముగిశాక మరోసారి కెమెరా ఎదుట గట్టిగా చప్పట్లు కొట్టించండి. మొదటిది కలిసి రెండోది కలవకపోతే వేగాల్లో తేడా ఉన్నట్టే. అప్పుడు ధ్వనిని ముక్కలుగా కోసి జరపకండి, రెండు చప్పట్లూ వీడియోతో కలిసేలా మొత్తాన్ని సాగదీయండి లేదా కుదించండి.