కచేరీ షూట్ చేయడం పిల్లలకు నేర్పాలంటే

నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి రోజే "ఏ లెన్స్ కొనాలి సార్?" అంటారు. నేను కెమెరా బయటికే తీయను. హైదరాబాద్ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రం కర్ణాటక సంగీత కచేరీ ఉంటే తీసుకెళ్లి కూర్చోబెడతాను. ఆదితాళం ఎనిమిది అక్షరాలూ, అంటే ఎనిమిది లెక్కలూ, తొడ మీద తప్పకుండా వేయడం వచ్చాకే కెమెరా చేతికిస్తాను. మీరూ అలాగే చేయండి.

ఎందుకంటే, స్వరకల్పన చూడండి, అంటే అప్పటికప్పుడు సరిగమలు అల్లి పాడడం. పాడేవాళ్లు స్వరం వేసి వదలగానే వయొలిన్ అందుకుంటుంది. వంతులు మొదట పొడుగ్గా ఉండి, పోనుపోను కురచవుతాయి. వయొలిన్ మోగడం విన్నాక కెమెరా తిప్పితే అప్పటికే సగం అయిపోతుంది. స్వరం ముగింపుకొస్తోందని చెవి పసిగట్టాలి, ఆ లోపే ఫ్రేమ్ అక్కడికి చేరాలి. మృదంగం ఒక్కటే విడిగా వాయించే తని ఆవర్తనంలోనూ అంతే. దాని చివర మూడుసార్లు వచ్చే ముగింపు వరస, ముక్తాయింపు, రెండోది నడుస్తుండగానే వైడ్‌కి రండి. మూడోది అవగానే పాట మళ్లీ ఎత్తుకునే ముఖం దొరకాలి.

ఎక్కడ నిలబడాలి? మామూలుగా మృదంగం గాయకుడి కుడిపక్కన, వయొలిన్ ఎడమపక్కన ఉంటాయి. మృదంగం కుడి మూత మనవైపే ఉంటుంది కాబట్టి ఆ చేతివేళ్లు హాల్లోంచి చక్కగా కనిపిస్తాయి. మృదంగం వాయించేది ఎడమచేతి వాటం మనిషైతే పక్కలు మారతాయి, ముందే అడగండి. నడిచే దారిలో మాత్రం ట్రైపాడ్ కాళ్లు పెట్టనివ్వకండి. మన షాట్ కోసం ముందు వరస పెద్దవాళ్లు మెడలు సాచాలా?

లైట్ల దగ్గర పిల్లలకు టెన్షన్ ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టించండి. చాలా ఫోన్లు వాటంతట అవి 30 ఫ్రేములకు పోతాయి, కొన్ని లైట్ల కింద చారలు కదులుతాయి. ప్రో మోడ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయాలి. తెల్ల లాల్చీ వెలుగెక్కువై కాస్త తేలిపోయినా పర్లేదు, ముఖం నల్లబడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం సౌండు. బొమ్మ కాస్త అటూ ఇటూ అయినా జనం చూస్తారు, గరగరలాడే పాట ఎవరూ వినరు. మైక్ సెట్ అతనికి టీ ఇప్పించి, మిక్సర్ నుంచి ఒక లైన్ రికార్డర్‌కి తీసుకోండి. చిన్న హాల్లో మృదంగం నేరుగానే వినిపిస్తుందని మిక్సర్‌లో దాన్ని తగ్గిస్తారు. అందుకే హాల్లో ఇంకో రికార్డర్ ఉండాలి. ఎంత గట్టిగా పాడినా రికార్డర్‌లో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూడండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 17 మీటర్ల వెనక పెట్టిన రికార్డర్‌లో మోత ఒక ఫ్రేము పైచిలుకు ఆలస్యంగా వస్తుంది, ఎడిటింగ్‌లో జరపాలి.

కచేరీకి ముందే కళాకారుల అనుమతి అడిగించండి, అదీ పిల్లల చేతే. చట్టప్రకారం ప్రదర్శన మీద వాళ్లకు హక్కులున్నాయి. కృతికీ కృతికీ మధ్య రికార్డింగ్ ఆపనివ్వకండి, రాగం పేరు చెప్పేది అప్పుడే. తర్వాత కాపీ ఒకటి వాళ్లకివ్వండి. అందులో తని ఆవర్తనం మాత్రం కత్తిరించకండి, మృదంగం ఆయన ముందు చూసేది అదే.