వాణిజ్య ఒప్పందాలను చదవడం నేర్చుకుందాం – నాలుగవ పాఠం: బలమైన దేశంతో స్వేచ్ఛా వాణిజ్యం, లాభనష్టాల బేరీజు

గత పాఠంలో సుంకాల పట్టికను చదివే పద్ధతి తెలుసుకున్నాం. ప్రతి వస్తువుకూ ప్రస్తుతం ఎంత సుంకం ఉంది, అది ఏ సంవత్సరానికి సున్నాకు చేరుతుంది, ఏ వస్తువులను పట్టిక నుండి పూర్తిగా తప్పించారు అన్న మూడు విషయాలను విడివిడిగా గుర్తించడం అలవాటు చేసుకున్నాం. ఆ పట్టికనే ముందు పెట్టుకుని, తమకంటే ఎన్నో రెట్లు పెద్ద మార్కెట్ ఉన్న దేశంతో ఒక చిన్న దేశం ఒప్పందం చేసుకుంటే దానికి ఒరిగేదెంత, పోయేదెంత అని తూచి చూడడం ఈ పాఠంలో నేర్చుకుందాం. ఇక్కడ బలం అంటే సైనిక బలం కాదు. ఒప్పందం రద్దయినా పెద్దగా నష్టపోని స్థితిని బలంగా లెక్కిస్తున్నాం.

చాలామంది ‘స్వేచ్ఛా వాణిజ్యం మంచిదా, చెడ్డదా?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అన్ని వస్తువులనూ ఒక దేశమే చౌకగా తయారు చేయగలిగినా, రెండు దేశాలూ వ్యాపారం వల్ల లాభపడవచ్చునని ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లోనే చూపించాడు. ఆ వాదన నేటికీ నిలిచే ఉంది. అయితే అది వ్యాపారం గురించిన వాదనే తప్ప ఒప్పందం గురించినది కాదు. నిజంగా స్వేచ్ఛా వాణిజ్యమే కోరుకుంటే ‘సుంకాలు ఎత్తివేశాం’ అన్న ఒక్క వాక్యం సరిపోతుంది. వందల పుటలు రాయవలసి వచ్చిందంటే, ఆ పుటల్లో అధిక భాగం మినహాయింపులూ, గడువులూ, షరతులేనని అర్థం. మనం తూచవలసింది వాటినే.

మొదటి మెట్టు: ఒప్పందం లేకపోతే ఏమవుతుంది?

తూకానికి ముందు రెండో పళ్లెంలో ఏముందో చూసుకోవాలి. ఒప్పందం లేనంత మాత్రాన వ్యాపారం ఆగిపోదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యత్వం ఉన్న దేశాలు, కొన్ని మినహాయింపులు తప్ప, మిగతా సభ్య దేశాలన్నింటికీ ఒకే రకమైన సుంకం వర్తింపజేయాలి. అందువల్ల ఒప్పందం వల్ల వచ్చే లాభం మొత్తం ఎగుమతుల విలువ కాదు, ఆ సాధారణ సుంకానికీ ఒప్పందంలోని సుంకానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. పత్రికల్లో ‘ఇన్ని కోట్ల ఎగుమతులకు ద్వారాలు తెరుచుకున్నాయి’ అన్న వార్త కనిపించినప్పుడల్లా, అందులో ఎంత భాగం ఇప్పటికే తెరుచుకుని ఉన్న ద్వారం గుండా వెళుతోందో అడగడం మొదటి మెట్టు.

అమెరికా, దక్షిణ కొరియాల ఒప్పందంలో మోటారు వాహనాల వరుసలను గమనించండి. ఈ ఒప్పందం 2012 మార్చి 15న అమలులోకి వచ్చింది. అంతకు ముందు కార్లపై అమెరికా విధించే సుంకం 2.5 శాతమే, అది 2016లో సున్నా అయింది. కరెన్సీ మారకపు విలువ అటూ ఇటూ కదిలితే చెరిగిపోయేంత చిన్న తేడా ఇది. అసలు పెద్ద తేడా సరుకు రవాణా ట్రక్కుల వరుసలో ఉంది. వాటిపై 1964 నుండి 25 శాతం సుంకం ఉంది. దానిని 2021 నాటికి తొలగిస్తామని అమెరికా ఒప్పుకుంది, కానీ 2018లో ఒప్పందాన్ని సవరించినప్పుడు ఆ గడువును 2041కి జరిపించుకుంది. పట్టికలో తేడా పెద్దదిగా ఉన్న ప్రతిచోటా మీ వేలు గడువు గడి మీదకు వెళ్లాలి. లాభం ఎక్కువగా ఉన్న వరుసలకే గడువులు దూరంగా ఉండడం యాదృచ్ఛికం కాదు, బలమైన దేశంలోని తయారీదారులు కూడా అదే పట్టికను అంతే శ్రద్ధగా చదివి ఉంటారు.

కొన్నిసార్లు గడువు కూడా ఉండదు. 2005 జనవరి 1న అమలులోకి వచ్చిన అమెరికా, ఆస్ట్రేలియాల ఒప్పందంలో ఆస్ట్రేలియా ఎంతో ఆశించిన చక్కెరను పూర్తిగా పక్కన పెట్టారు. గొడ్డుమాంసానికి 18 సంవత్సరాల సుదీర్ఘ గడువు పెట్టారు. దానికి బదులుగా ఆస్ట్రేలియా ఇచ్చిన వాటిలో ఒకటి సుంకాల పట్టికలో కనిపించదు: రచయిత మరణానంతరం కాపీరైట్ కాలాన్ని 50 సంవత్సరాల నుండి 70 సంవత్సరాలకు పెంచడం. బలమైన దేశం కోరేది తరచుగా ఇటువంటి అధ్యాయాల్లోనే ఉంటుంది. మేధో సంపత్తి, పెట్టుబడులు, ప్రభుత్వ కొనుగోళ్ల అధ్యాయాలను చదవకుండా ‘మనమే ఎక్కువ సాధించాం’ అని తేల్చడం తొందరపాటు అవుతుంది.

రెండవ మెట్టు: మన సుంకం తగ్గితే మనకే లాభమా?

ఎదుటి దేశం తగ్గించే సుంకం మనకు లాభమనీ, మనం తగ్గించే సుంకం మనకు నష్టమనీ అనుకోవడం సహజం. ఇందులో రెండవ సగం చాలా సందర్భాల్లో తప్పు, మరికొన్ని సందర్భాల్లో ఒప్పు. ఏది ఎప్పుడో తెలియాలంటే ఒక ఊహాజనితమైన లెక్క చేయాలి. కాగితం తీసుకుని మీరూ చేయండి.

ఒక యంత్రం ఉందనుకుందాం. మూడవ దేశం దానిని 100 డాలర్లకు అమ్ముతుంది, బలమైన దేశం 110 డాలర్లకు అమ్ముతుంది. మన సుంకం అందరికీ 20 శాతం. అప్పుడు మన కొనుగోలుదారుకు మూడవ దేశపు యంత్రం 120కి, బలమైన దేశపు యంత్రం 132కి పడుతుంది కనుక అతడు మూడవ దేశం నుండే కొంటాడు, ఆ 20 డాలర్లు మన ఖజానాకు చేరతాయి. ఇప్పుడు బలమైన దేశంతో మాత్రమే ఒప్పందం కుదిరి దాని సుంకం సున్నా అయింది. యంత్రం 110కే వస్తుంది, కొనుగోలుదారు అటు మళ్లుతాడు. అతనికి 10 డాలర్లు మిగులుతాయి, ఖజానాకు 20 డాలర్లు పోతాయి. దేశం మొత్తం మీద యంత్రానికి 10 డాలర్ల నష్టం. ఆ 10 ఎక్కడికి పోయిందని వెతకనక్కర లేదు, చౌకగా తయారు చేసేవారిని వదిలి ఖరీదుగా తయారు చేసేవారి దగ్గర కొన్నందుకు చెల్లించిన అదనపు ధర అది. ధర తగ్గడం వల్ల అమ్మకాలు పెరిగితే ఈ నష్టం కొంత పూడుతుంది, కానీ నష్టం ఎక్కడ పుట్టిందన్నది మారదు.

అదే లెక్కలో ఒక్క అంకెను మార్చండి. బలమైన దేశమే 100 డాలర్లకు అమ్ముతోందనీ, ఇంతకు ముందు మన దేశంలోనే ఒక కర్మాగారం అదే యంత్రాన్ని 118 డాలర్ల ఖర్చుతో తయారు చేస్తోందనీ అనుకుంటే, సుంకం పోయాక ఆ 118 డాలర్ల విలువైన శ్రమ, సామగ్రి మరొక పనికి దొరుకుతాయి, యంత్రం 100కే వస్తుంది. ఇది నికరమైన లాభమే, అయితే ఆ కర్మాగారంలోని వారికి మరొక పని దొరికినప్పుడే. మొదటి దానిని వాణిజ్య మళ్లింపు అనీ, రెండవ దానిని వాణిజ్య సృష్టి అనీ ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లో వేరు చేశాడు. ఒప్పందంలోని ప్రతి ప్రధాన దిగుమతి వరుస పక్కనా ఈ రెండింటిలో ఏది జరుగుతుందో పెన్సిల్‌తో రాసుకోవాలి. మళ్లింపు బెడద లేకుండా చేసుకునే దారి ఒకటుంది: అందరికీ సుంకం తగ్గించడం. చైనాతో 2014లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలు చేసిన స్విట్జర్లాండ్, 2024 జనవరి 1 నుండి పారిశ్రామిక వస్తువులపై సుంకాలను అన్ని దేశాలకూ తనంతట తానే ఎత్తివేసింది. దానివల్ల తర్వాతి బేరాల్లో ఇవ్వడానికి చేతిలో ఉండేది తగ్గిపోతుందన్నది వేరే చర్చ.

మూడవ మెట్టు: ఎవరికి, ఎప్పుడు?

దేశానికి లాభమన్న మాట నిజమైనా, అది అందరికీ ఒకే రోజున అందదు. కెనడా, అమెరికాల ఒప్పందం 1989 జనవరి 1న మొదలైంది. దాని ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్త డేనియల్ ట్రెఫ్లర్ 2004లో చూపిన అంకెలను ఈ విషయం నేర్చుకునేవారు తప్పక గుర్తుంచుకోవాలి. కెనడా తన సుంకాలను బాగా తగ్గించిన పరిశ్రమల్లో ఉద్యోగాలు 12 శాతం తగ్గాయి, అదే పరిశ్రమల్లో ఉత్పాదకత 15 శాతం పెరిగింది. బలహీనమైన కర్మాగారాలు మూతపడడమే ఈ రెండింటికీ కారణం. ఒప్పందాన్ని సమర్థించేవారు రెండవ అంకెను, వ్యతిరేకించేవారు మొదటి అంకెను మాత్రమే చెబుతూ ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు, ఎవరూ అబద్ధం చెప్పనవసరం లేదు.

మెక్సికో మొక్కజొన్న ఉదాహరణ ఇంకా చిక్కైనది. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య 1994లో మొదలైన ఉత్తర అమెరికా ఒప్పందం, అంటే నాఫ్టా, మొక్కజొన్నకు 15 సంవత్సరాల గడువు ఇచ్చింది. కానీ మెక్సికో ప్రభుత్వం తొలి సంవత్సరాల నుండే, సుంకం లేకుండా అనుమతించిన పరిమితికి మించిన దిగుమతులను కూడా సుంకం వసూలు చేయకుండా రానిచ్చింది. గడువు కాగితం మీద మిగిలింది. మరోవైపు అమెరికా తన రైతులకు ఇచ్చే రాయితీలు కొనసాగాయి. అయినప్పటికీ మెక్సికోలో మొక్కజొన్న ఉత్పత్తి మొత్తం మీద తగ్గలేదు, పెరిగింది. సినలోవా వంటి నీటి వసతి ఉన్న ప్రాంతాల్లోని పెద్ద రైతులు నిలదొక్కుకున్నారు, వర్షాధారంగా సాగు చేసే దక్షిణాది చిన్న కమతాలపై ధరల భారం పడింది. దేశం మొత్తానికి ఒకే అంకె చూస్తే ఈ రెండు కథలూ కనిపించవు. పైగా 1994 డిసెంబరులో మెక్సికో కరెన్సీ పెసో విలువ కుప్పకూలింది, కనుక ఆ తర్వాతి కష్టాలన్నింటినీ ఒప్పందం ఖాతాలో వేయడం కూడా సరైన లెక్క కాదు.

నాలుగవ మెట్టు: మాట తప్పితే?

సమాన బలం ఉన్న దేశాల మధ్య ఒప్పందాన్ని తూచడానికి పై మూడు మెట్లూ దాదాపు సరిపోతాయి. బలమైన దేశంతో అయితే నా దృష్టిలో ఈ నాలుగవ మెట్టే అన్నిటికంటే బరువైనది, సాధారణంగా అందరూ చివర రెండు వాక్యాల్లో ముగించేదీ ఇదే.

కెనడా వస్తువుల ఎగుమతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు అమెరికాకే వెళతాయి, వాటి విలువ కెనడా ఆర్థిక వ్యవస్థలో సుమారు ఐదవ వంతు. అటు నుండి చూస్తే కెనడాకు అమెరికా చేసే ఎగుమతులు అమెరికా ఆర్థిక వ్యవస్థలో రెండు శాతం కూడా ఉండవు. ఇద్దరూ సమానంగా సుంకాలు పెంచుకున్నా దెబ్బ సమానంగా తగలదు. 2018 జూన్ 1న అమెరికా జాతీయ భద్రత పేరుతో ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం సుంకం విధించినప్పుడు నాఫ్టా అమలులోనే ఉంది. ఆ సుంకాలను 2019 మేలో ఎత్తివేశారు, కానీ అప్పటికే నాఫ్టా స్థానంలో కొత్త ఒప్పందంపై సంతకాలు అయిపోయాయి. ఇది ఒక్క అమెరికాకే పరిమితమైన ధోరణి కాదు. చైనా, ఆస్ట్రేలియాల ఒప్పందం 2015 డిసెంబరులో అమలులోకి వచ్చింది. 2020 మేలో ఆస్ట్రేలియా బార్లీపై చైనా 80.5 శాతం సుంకం వేసింది, అదే సంవత్సరం చివరలో ద్రాక్షసారాపై గరిష్ఠంగా 200 శాతానికి మించి వేసింది. బార్లీ సుంకం 2023 ఆగస్టులో, సారా సుంకం 2024 మార్చిలో తొలగిపోయాయి. ఆ మూడు నాలుగేళ్లు ఎగుమతిదారులు వేరే మార్కెట్లు వెతుక్కోవలసి వచ్చింది.

వివాద పరిష్కార మండలి ఉంది కదా అంటారు. 1987లో కెనడా ప్రతినిధులు దాని కోసమే అమెరికాతో ఒప్పందం చర్చల నుండి ఒకసారి లేచి వెళ్లిపోయారు, చివరకు సాధించారు కూడా. అయినా కెనడా కలపపై అమెరికా వేసిన సుంకాల వివాదంలో మండళ్లు ఎక్కువగా కెనడా పక్షాన తీర్పులు ఇచ్చిన తర్వాత కూడా, 2006లో రాజీ కుదిరినప్పుడు అమెరికా వసూలు చేసిన సుమారు 500 కోట్ల డాలర్లలో 400 కోట్లకు పైగా మాత్రమే తిరిగి వచ్చాయి, దాదాపు 100 కోట్లు అక్కడే ఉండిపోయాయి. తీర్పు గెలవడం, డబ్బు చేతికి రావడం వేర్వేరు వరుసలుగా రాసుకోవాలి.

అలాగని ఒప్పందం ఉత్త కాగితమని కొట్టిపారేయకూడదు. 2025 మార్చి 4న కెనడా, మెక్సికోల సరుకుపై అమెరికా కొత్త సుంకాలు విధించింది. మూడు రోజుల తర్వాత, ఒప్పందంలోని మూలదేశ నిబంధనలకు, అంటే సరుకు ఒప్పంద దేశాల్లోనే తగినంతగా తయారై ఉండాలన్న నిబంధనలకు, లోబడి ఉన్న వస్తువులకు మినహాయింపు ఇచ్చింది. ఉక్కు, కార్ల వంటి వాటికి ఆ రక్షణ పూర్తిగా అందలేదు, అయినా మిగిలిన ఎన్నో వస్తువులకు ఆ సంతకం పనికివచ్చింది. కనుక చివరి అభ్యాసంలో గీయబోయే నాలుగవ గడిలో ‘నమ్మవచ్చు’, ‘నమ్మరాదు’ అని రాయకండి. మాట తప్పితే ఏ వస్తువులు ముందుగా దెబ్బతింటాయి, వాటికి వేరే కొనుగోలుదారులు దొరకడానికి ఎంత కాలం పడుతుంది, ఈలోగా ఆ ఒక్క మార్కెట్ కోసమే కట్టుకున్న కర్మాగారాలు ఎన్ని అని రాయండి. ఒప్పందం బాగా ఫలించేకొద్దీ ఈ మూడవ అంకె పెరుగుతుంది, రెండవ విడత బేరంలో చిన్న దేశం బలం ఆ మేరకు తగ్గుతుంది.

అభ్యాసం

ఒక కాగితంపై నాలుగు గడులు గీయండి: ఇప్పటికీ ఒప్పందానికీ ఉన్న తేడా, గడువు, ఎవరికి, మాట తప్పితే. నాలుగింటినీ కూడి ఒకే మార్కు వేయవద్దు, డాలర్లనూ సంవత్సరాలనూ కలిపే లెక్క ఏదీ లేదు.

ఇప్పుడు కోస్టారికాను తీసుకోండి. అమెరికాతో, పొరుగున ఉన్న మధ్య అమెరికా దేశాలతో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై ఆ దేశం 2007 అక్టోబరు 7న ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది, 51 శాతానికి కొద్దిగా ఎక్కువ మంది అవునన్నారు. అప్పటికే కోస్టారికా వస్తువుల్లో ఎక్కువ భాగం కరీబియన్ ప్రాంతానికి అమెరికా తనంతట తాను ఇచ్చిన రాయితీ కింద సుంకం లేకుండానే వెళుతున్నాయి. ఒప్పందం అడిగిన వాటిలో ముఖ్యమైనవి, ప్రభుత్వ సంస్థల గుత్తాధిపత్యంలో ఉన్న టెలికాం, బీమా రంగాలను పోటీకి తెరవడం. మొదటి గడి దాదాపు ఖాళీగా ఉండబోతోందని మీరు గమనించే ఉంటారు. అందుకని దానిని పక్కన పెట్టి నాలుగవ గడితో మొదలుపెట్టండి: పెద్ద దేశం తలచుకుంటే ఉపసంహరించుకోగల రాయితీ స్థానంలో, ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం వస్తే ఆ మార్పు విలువ ఎంత? అది టెలికాం, బీమాలను తెరిచినందుకు సరిపోతుందా? రెండు వైపులా ఒక్కొక్క పుట రాయండి. తర్వాతి పాఠంలో సేవారంగ అధ్యాయాన్ని చదివేటప్పుడు ఆ పుటలు మనకు అవసరమవుతాయి.