దుర్బోధ వివాదాన్ని చదివే పద్ధతి: దొనాతుస్ వర్గం ఉదాహరణగా

సంఘ చరిత్ర చదువుతున్నప్పుడు ఎవరినైనా దుర్బోధకులని ముద్రవేసిన సందర్భం కనిపిస్తే, ఆ ముద్ర న్యాయమైనదా కాదా అని తేల్చడానికి ముందు, అలా తీర్పు చెప్పే అధికారం ఎవరికి ఉందని ఆనాటివారు భావించారో విచారించాలి. బైబిలు తరగతికి పాఠం సిద్ధం చేసుకునేవారు ఈ అలవాటు పట్టుబడాలనుకుంటే, నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో తలెత్తిన దొనాతుస్ వివాదంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. అక్కడ రెండు పక్షాలూ ఒకే త్రిత్వాన్ని నమ్మాయి. అయినా వంద ఏళ్లకు పైగా ఒకే ఊరిలో రెండు బలిపీఠాలు నిలిచాయి.

మొదట గొడవకు మూలమైన సంగతిని క్లుప్తంగా రాసుకోండి. 303లో డయోక్లీషియన్ చక్రవర్తి లేఖనాలను అప్పగించమని ఆజ్ఞాపించినప్పుడు కొందరు బిషప్పులు లొంగిపోయారు. హింస ఆగిన తరువాత కార్తేజ్ బిషప్పుగా ఎన్నికైన కేసీలియన్‌ను అభిషేకించిన అప్తుంగ బిషప్పు ఫెలిక్స్ అటువంటి ద్రోహి అని ఆరోపిస్తూ, పొరుగు ప్రాంతమైన నుమిదియా బిషప్పులు మయోరినుస్‌ను పోటీ బిషప్పుగా నిలిపారు. మయోరినుస్ స్థానంలోకి వచ్చినవాడే దొనాతుస్; ఆ పక్షానికి అతని పేరే నిలిచింది.

తరువాత ఆరోపణను, సిద్ధాంతాన్ని విడదీయండి. ఫెలిక్స్ నిజంగా అప్పగించాడా అన్నది సాక్ష్యంతో తేలవలసిన విషయం. ఆ విచారణలో అతనికి వ్యతిరేకంగా చూపిన ముఖ్య ఆధారం అప్తుంగ పట్టణాధికారి ఒకరు రాసిన లేఖ; ఇంజెంటియుస్ అనే వ్యక్తి దాని చివర తానే కొన్ని వాక్యాలు చేర్చినట్టు ఒప్పుకోవడంతో ఫెలిక్స్ నిర్దోషిగా బయటపడ్డాడు. ద్రోహి చేతుల మీదుగా జరిగిన అభిషేకం చెల్లుతుందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ఇచ్చేవాని స్థితిని బట్టి సంస్కారం చెల్లుబాటు మారుతుందా అన్న ఈ చర్చ పాతదే: సంఘానికి వెలుపల ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని మూడో శతాబ్దంలోనే కార్తేజ్ బిషప్పు సిప్రియన్ వాదించగా, రోమా బిషప్పు స్తెఫను అంగీకరించలేదు. 314లో ఆర్ల్ సభ, అభిషేకం పొందినవాడు యోగ్యుడైతే అది చెల్లుతుందనీ, త్రిత్వ నామమున బాప్తిస్మం పొందినవారికి మళ్లీ ఇవ్వకూడదనీ తీర్మానించింది. (మన తెలుగు సంఘాల్లో ఒక సంఘం నుంచి మరొక సంఘానికి మారినవారికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చేటప్పుడు వచ్చే చర్చ సాధారణంగా శిశు బాప్తిస్మం గురించి, ఇచ్చినవాని పవిత్రత గురించి కాదు. రెండింటినీ కలిపి బోధించకండి.)

ఇప్పుడు తీర్పరుల వరుస చూడండి. అసలు కథ ఇక్కడే ఉంది. 313లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి ముందుగా అర్జీ పెట్టుకున్నది కేసీలియన్ వ్యతిరేకులే. చక్రవర్తి ఆ పని రోమా బిషప్పు మిల్టియదెస్‌కు అప్పగించగా అక్కడ ఓడారు, ఆర్ల్‌లో ఓడారు, 316లో స్వయంగా చక్రవర్తి ముందూ ఓడారు. చివరకు 347లో, చక్రవర్తికి సంఘంతో ఏం పని అని దొనాతుస్ ప్రశ్నించాడు. ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపేవారు రెండో పక్షానిదీ చూపాలి. నచ్చజెప్పడమే మార్గమని మొదట్లో అన్న హిప్పో బిషప్పు అగస్టీన్, దొనాతుస్ వర్గాన్ని బలవంతంగా కలిపే రాజాజ్ఞలు ఫలించడం చూశాక, లూకా 14:23లోని ‘బలవంతము చేయుము’ అన్న మాటను ఆధారం చేసుకుని వాటిని సమర్థించాడు. దొనాతుస్ వర్గం విశ్వాస ప్రమాణంలో మార్పేమీ లేకపోయినా, అంతవరకు చీలికగా ఎంచిన ఆ వర్గాన్ని 405లో హొనోరియుస్ చక్రవర్తి శాసనం దుర్బోధగా ప్రకటించింది. 411లో ఒక్కో వైపు నుంచి సుమారు 280 మంది బిషప్పులు కార్తేజ్‌లో సమావేశమైనప్పుడు తీర్పు చెప్పినవాడు మార్సెల్లినుస్ అనే రాజోద్యోగి. దుష్టుల సహవాసంలో కూర్చోరాదన్న కీర్తన మాటను పట్టుకుని దొనాతుస్ పక్షంవారు కూర్చోవడానికి నిరాకరించగా, మార్సెల్లినుస్ కూడా నిలబడే ఉన్నాడు.

ఆధారాల విషయంలో జాగ్రత్త అవసరం. దొనాతుస్ వర్గం రచనలు చాలావరకు నశించాయి. వారి వాదనలు ఎక్కువగా అగస్టీన్, అతనికి ముందటి బిషప్పు ఒప్తాతుస్ ఖండించడానికి ఉదహరించిన వాక్యాల్లోనే మిగిలాయి. కాబట్టి ఆ వాక్యాలను విడిగా రాసుకుని, ఖండనను పక్కనపెట్టి, ఒకసారి వరుసగా చదవండి. 411 సమావేశపు మాటలను సంక్షిప్తలిపి లేఖకులు ఎప్పటికప్పుడు రాసిపెట్టారు. అందులో మిగిలిన భాగంలో దొనాతుస్ పక్షపు బిషప్పు పెతిలియన్ అడ్డుచెప్పిన చోట్ల నుంచి చదవడం మొదలుపెడితే, విచారణకు ఫిర్యాది ఎవరన్న ప్రశ్నకే అతడు ఎంతసేపు పట్టుబట్టాడో తెలుస్తుంది.