వైకల్య సహాయ దరఖాస్తుకు ముందు ఒక వారం లెక్క

వైకల్యానికి ప్రభుత్వ సహాయం కోరే దరఖాస్తులో "రోజూ ఎంత సాయం అవసరం?" అన్న ప్రశ్న దగ్గర చేయి ఆగిపోతుంది. "చాలా" అని రాస్తే చదివే అధికారికి ఏమీ తెలియదు.

అందుకు ముందే ఒక వారం పాటు నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి రాయండి: పని, పట్టిన నిమిషాలు, సాయం చేసినవారు, సాయం లేకపోతే జరిగేది. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. "స్నానానికి సాయం కావాలి" అనడం కన్నా "ఒంటరిగా స్నానం చేస్తే తూలి పడతారు, 25 నిమిషాలు పక్కన మనిషి ఉండాలి" అన్న వాక్యం గట్టిగా నిలుస్తుంది. రాత్రి లేచి పక్కకు తిప్పడం, మందులు గుర్తుచేయడం ఇంట్లోవారికి ఎంత అలవాటంటే, అవి పనులని కూడా అనిపించవు. వాటిని తప్పక రాయండి.

రోజుకు సగటున 120 నిమిషాలు తేలితే వారానికి 14 గంటలు, 52 వారాల ఏడాదికి 728 గంటలు. సాయానికి ఎంత డబ్బు కావాలో వేసే ప్రణాళికను ఆ అంకెతో మొదలుపెట్టవచ్చు. దరఖాస్తుకు జతచేసే లేఖ రాసే డాక్టరుకు ఈ లెక్క నకలు ఒకటి ముందే ఇవ్వండి. అప్పుడు జబ్బు పేరుతో పాటు రోజువారీ ఇబ్బందులూ ఆ లేఖలో చేరతాయి. మా ఇంట్లో, తర్వాత ఆ సహాయాన్ని మళ్లీ పరిశీలించిన సమీక్షకు కూడా ఈ పుస్తకమే పనికొచ్చింది.

పరిస్థితి రోజుకొకలా మారేవారికి మాత్రం వారం లెక్క చాలదు. నెల పాటు రాసి, తేలికైన రోజులు, కష్టమైన రోజులు విడిగా చూపండి. అలాంటి వారికి ఒక్క సగటు అంకె ఇస్తే కష్టమైన రోజులు అందులో కనబడకుండా పోతాయి.