జిమ్నీకి లిఫ్ట్ వేశాక స్టీరింగ్ తేడాగా ఉందా?

మారుతీ జిమ్నీకి రెండు అంగుళాల లిఫ్ట్, అంటే బండి ఎత్తు పెంచే స్ప్రింగులు, వేయించిన చాలామందికి రాళ్ల దారిలో ఏ ఇబ్బందీ ఉండదు. హైవే ఎక్కాకే టెన్షన్ మొదలవుతుంది. స్ప్రింగులు నాసిరకమని అప్పుడే తేల్చేయకండి. జిమ్నీ ముందు యాక్సిల్ అడ్డంగా ఉండే ఒకే గట్టి దూలం. దాన్ని రెండు పొడవాటి ఆర్మ్‌లు వెనకనున్న ఛాసిస్‌కి కట్టి ఉంచుతాయి. ఛాసిస్ లేస్తే ఆర్మ్ వెనక కొస కూడా లేస్తుంది, దాంతోపాటు యాక్సిల్ పైభాగం ముందుకు వాలేలా తిరుగుతుంది. చాలా తిప్పలకు మూలం అదే.

స్టీరింగ్ తేలిపోతోంది, మలుపు దాటాక తిన్నగా రావడం లేదు

ఇది క్యాస్టర్ తగ్గిన లక్షణం. చక్రం ఏ ఇరుసు మీద కుడి ఎడమలకు తిరుగుతుందో దాని పైకొస కాస్త వెనక్కి వాలి ఉండాలి, సైకిల్ ముందు ఫోర్కులా. ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను తిన్నబడుతుంది. ఎంత పోయిందో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆర్మ్ పొడవు 80 సెం.మీ. అనుకుంటే, 5 సెం.మీ. ఎత్తినప్పుడు సుమారు మూడున్నర డిగ్రీలు పోతాయి. క్యాస్టర్‌లో ఇది చిన్న తేడా కాదు.

నా బండికి ఇలాగే జరిగితే అలైన్‌మెంట్ షాపులో టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సరిచేసి పంపేశారు. వాళ్లు అంతకంటే చేయగలిగింది కూడా లేదు, జిమ్నీలో క్యాస్టర్ మార్చడానికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటే లేదు.

దీనికి మందు క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు. బుష్ అంటే కీలు దగ్గర బోల్టు చుట్టూ ఉండే మెత్తటి గొట్టం లాంటి ముక్క. వీటిలో బోల్టు రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. యాక్సిల్ దగ్గర ఒక్కో ఆర్మ్‌కి రెండు బుష్‌లుంటాయి కాబట్టి, రంధ్రాలు ఒకదాంట్లో పైకి, రెండోదాంట్లో కిందికి వచ్చేలా ప్రెస్ చేస్తే యాక్సిల్ మళ్లీ వెనక్కి వాలుతుంది. తారుమారుగా ప్రెస్ చేస్తే మిగిలిన క్యాస్టర్ కూడా పోతుంది. అందుకే పని మొదలుపెట్టకముందే పెయింటుతో గుర్తు పెట్టించండి, దగ్గరుండి చూడండి. ఛాసిస్ వైపు ఆర్మ్‌ని కిందికి దించే బ్రాకెట్లు కూడా దొరుకుతాయి. కానీ అవి రాళ్లకు తగులుతాయి, నాకు నచ్చవు.

రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. బరువంతా చక్రాల మీదికి దించాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది.

క్యాస్టర్ కావాల్సినదానికంటే ఎక్కువ పెంచినా ప్రమాదమే. యాక్సిల్ వెనక్కి వాలినకొద్దీ డిఫరెన్షియల్ (యాక్సిల్ మీది గేర్ల డబ్బా) మూతి కిందికి వంగుతుంది, దానికి ఇంజను శక్తి తెచ్చే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే మామూలు వేగాల గేరు) వేగం పెంచితే వణుకు వస్తోందంటే ముందు అక్కడ చూడండి.

తిన్నగా పోతున్నా స్టీరింగ్ వీల్ వంకరగా ఉంది

ఛాసిస్ లేచాక డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఏటవాలు పెరిగి, అడ్డంగా దాని అందుబాటు తగ్గింది. డ్రాగ్ లింక్ పొడవు సర్దితే సరిపోతుంది. స్టీరింగ్ వీల్ ఊడదీసి తిప్పి పెడతానంటే ఒప్పుకోవద్దు. అలా చేస్తే స్టీరింగ్ బాక్స్ నడిమి స్థానం తప్పే ఉంటుంది, బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈఎస్‌పీకి బండి తిరుగుతోందన్న తప్పుడు కబురు పోతుంది.

ముందు టైరు ఒకవైపు ఎక్కువ బయటికి వచ్చింది

పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా ఛాసిస్‌కి కట్టి ఉంచే కడ్డీ) వాలు పెరిగి, ఛాసిస్‌కి బిగించిన వైపుకి యాక్సిల్‌ని లాగింది. తేడా అర సెంటీమీటరు ఉంటే కంగారు అక్కర్లేదు. ఎక్కువైతే పొడవు మార్చుకునే రాడ్ వేయించండి.

గతుకు ఎక్కగానే స్టీరింగ్ పక్కకి కొడుతోంది

పాన్‌హార్డ్ రాడ్, డ్రాగ్ లింక్ ముందు నుంచి చూస్తే సమాంతరంగా ఉండాలి. ఎవరైనా ఒకదాని బ్రాకెట్ మాత్రమే దించి ఉంటే ఈ జబ్బు వస్తుంది. రెండూ దించాలి, లేదా రెండూ ఉన్నచోటే ఉంచాలి.

స్టీరింగ్ చేతుల్లో గజగజ ఊగుతోంది

ఇలా ఊగితే మెల్లగా వేగం తగ్గించి బండి పక్కకు ఆపండి. లిఫ్ట్ ఒక్కటే దీనికి కారణం కాదు. ఎక్కడో వదులు ఉంది, క్యాస్టర్ తగ్గడంతో అది బయటపడింది. ముందు టైర్ల బ్యాలెన్స్ చూపించండి. తర్వాత చక్రాలు నేలమీదే ఉండగా ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని, పాన్‌హార్డ్ బుష్, రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీల కొసల్లోని కీళ్లు) కదులుతున్నాయేమో మీరు చూడండి. ఆ తర్వాత జాకీ ఎత్తి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట కనిపిస్తే కింగ్‌పిన్ (చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసు) బేరింగ్‌లు, వీల్ బేరింగ్‌లు చూపించాలి. గట్టి స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బర్) వేస్తే ఊపు కొన్నాళ్లు ఆగుతుంది, వదులు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. వదులన్నీ తీరాకే డ్యాంపర్ గురించి ఆలోచించండి.