కావలిలో ఇల్లు కొన్నప్పుడు 38 లక్షలు ఎలా పంపానంటే

రేపు రిజిస్ట్రేషన్ అనగా యాప్ మొరాయించింది: కొత్తగా చేర్చిన ఖాతాకి అంత మొత్తం పోదట. యూపీఐ లక్ష దగ్గర, ఐఎంపీఎస్ (యాప్‌లో ఖాతా నుంచి ఖాతాకి అప్పటికప్పుడు పంపే పద్ధతి) 5 లక్షల దగ్గర ఆగాయి. డీడీకి అమ్మే ఆయన ఒప్పుకోలేదు.

పని జరిగింది ఆర్టీజీఎస్‌తోనే (పెద్ద మొత్తాలు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి పంపే పద్ధతి), అదీ బ్రాంచిలో. ముందు ఆయన పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తెప్పించుకుని వెయ్యి రూపాయలు పంపా. "వచ్చినయ్ అబ్బయా" అని ఫోన్ చేశాక, పొద్దున్నే చెక్కు, ఫారం, పాన్ కార్డుతో వెళ్లా. ఖాతా నంబరు ఒక్కో అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చదివా. పేరు సరిగ్గా రాసినా డబ్బు నంబరును బట్టే పోతుంది మరి. అరగంటలో జమైంది. రసీదు మీది 22 అక్షరాల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) దస్తావేజులో రాయించాం.

ఇది మా బ్యాంకు సంగతి, మీ యాప్ పరిమితి వేరుగా ఉండొచ్చు. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కూడా పట్టుకోవాలి. నాకా బాధ తప్పింది.